దేవిశ్రీ కుర్చీ జరిపింది

డాక్టర్ గదిలోకి వెళ్ళినవాళ్ళు మామూలుగా నాలుక చాపుతారు, లేకపోతే చెయ్యి చాపుతారు. దేవిశ్రీ కుర్చీ జరిపింది. అది చాలదన్నట్టు డాక్టర్‌గారిని కూడా లేపి ఆవిడ కుర్చీ జరిపింది. కిటికీకి తెర లాగింది. బల్ల మీది పూలకుండీని ఎత్తి నేల మీద పెట్టింది. గోపన్‌పల్లిలో ఆ క్లినిక్ తెరిచాక వైద్యం కోసం వచ్చిన మనిషి వచ్చీ రాగానే గది సర్దడం అదే మొదలు. అయితే ఆ అమ్మాయి ఆ కుర్చీ దాకా ఎలా వచ్చిందో చెప్పకుండా కుర్చీ కథ చెబితే ఏం రుచి? కాస్త వెనక్కి వెళ్ళి వద్దాం.

దేవిశ్రీకి పుట్టినప్పటి నుంచీ వినపడదు. తండ్రి వెంకటరామయ్య నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. తల్లి జయలక్ష్మి ఆ ఇంటికి సమాచార ప్రసార శాఖ. రాజమండ్రి నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో స్థిరపడ్డ కుటుంబం. ఆ కాలనీలో దేవిశ్రీ చూపు గురించి కథలు చెప్పుకుంటారు. ఒకసారి మెట్రో స్టేషన్‌లో ఎదుటి ప్లాట్‌ఫారానికి రైలొచ్చి ఆగిందట. తలుపులు మూసుకునేలోగా అద్దం వెనక గొడవపడుతున్న ఒక కొత్త జంట పెదాలు మొత్తం చదివేసి, న్యాయం పెళ్ళికూతురి వైపు ఉందని తేల్చి, బొటనవేలు ఎత్తి చూపిందట. ఆ పిల్ల ఆ ధైర్యంతో మొగుణ్ణి రైల్లోనే వదిలేసి తర్వాతి స్టేషన్‌లో దిగిపోయిందట. ఇందులో సగం నిజం. ఏ సగమో దేవిశ్రీ ఇంతవరకు చెప్పలేదు.

కానీ పెదాలు చదవడమంటే జనం అనుకునే గారడీ కాదు. ముప్పావు వంతు చిరిగిపోయిన పేపరు చదవడం లాంటిది అది. పాప, బాబా, మామ, అన్నీ పెదాల మీద ఒక్కలాగే ఉంటాయి. చిరిగిన చోటల్లా ఊహించి పూడ్చుకోవాలి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా అలా పూడుస్తూ కూర్చుంటే, వినేవాళ్ళకు చెవులు నొప్పెట్టని చోట ఆమెకు కళ్ళు, మెడ, బుర్ర అన్నీ నొప్పెడతాయి.

చదువుకున్న మిషనరీ బడిలో చేతులు వెనక్కి కట్టుకుని పెదాలు చూడమనేవారు. చేతులతో మాట్లాడే పిల్లలకు నోటి మాట రాదని అక్కడి సిస్టర్ల నమ్మకం. పగలంతా చేతులు వెనక్కి. హాస్టల్లో స్నానాల గది ముందు వరసలో నిలబడ్డప్పుడు మాత్రం పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు సైగల భాష నేర్పేవారు. దేవిశ్రీ తన అసలు భాష నేర్చుకున్నది అలాగే, సబ్బుపెట్టె చంకలో ఇరికించుకుని.

ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు. తిను, పడుకో, తలుపెయ్యి లాంటివి వేళ్ళతో నడిచిపోతాయి. అంతకు మించిన దేనికైనా ఆ ఇంట్లో ఒకటే జవాబు. భోజనాల దగ్గర తండ్రి ఏదో అంటాడు, తల్లి పొట్ట పట్టుకుని నవ్వుతుంది, వచ్చిన చుట్టాలకు పొలమారుతుంది.

"ఏంటీ?" అంటుంది దేవిశ్రీ, ఇంట్లోవాళ్ళకు మాత్రమే అర్థమయ్యే తన గొంతుతో.

"ఏం లేదే, తర్వాత చెప్తాలే."

ఆ 'తర్వాత' అనేది ఏ క్యాలెండర్లోనూ రాలేదు. లోకంలో ఏ మాట తప్పు చదివినా, ఆ ఒక్క మాటను తల్లి పెదాల మీద ఎంత మసక వెలుతురులోనైనా తప్పకుండా చదువుతుంది దేవిశ్రీ.

మాదాపూర్‌లో ఆమెకు మంచి ఉద్యోగమే ఉంది. మ్యాపుల కోసం తీసిన వీధుల ఫొటోల్లో దుకాణాల పేర్లు సరిచూడటం పని. ఆమె కన్ను పడితే మూతపడ్డ షట్టర్ వెనక టిఫిన్ సెంటర్ కూడా దాక్కోలేదు. పాత టీమ్ లీడర్ ప్రతి విషయమూ టైప్ చేసి పంపేవాడు. ఆయన వెళ్ళిపోయాక వచ్చిన కొత్తాయనకు నడుస్తూ మాట్లాడటం ఇష్టం, గోడ వైపు తిరిగి మాట్లాడటం మరీ ఇష్టం. మీటింగుల్లో అందరూ నవ్వుతారు. ఆమె పక్కనున్న పిల్లను మోచేత్తో పొడుస్తుంది. ఆ పిల్ల కూడా చెయ్యి ఊపి అదే మాట అంటుంది. పొద్దున ఆఫీసులో 'తర్వాత', సాయంత్రం ఇంట్లో 'తర్వాత'.

ముందు నిద్ర పోయింది. ఆ వెనకే ఆకలి పోయింది. చివరికి ఆదివారం కూడా పోయింది. ఆదివారం సాయంత్రాలు బోరబండ రైల్వే స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర వినపడని జనం చేరి కబుర్లాడుకుంటారు. రైళ్ళు ఎంత మోత పెట్టినా అక్కడ ఎవరి మాటా చెడదు. వారమంతా బిగబట్టిన ఊపిరి దేవిశ్రీ అక్కడ వదిలేది. ఆ బోరబండకు కూడా వెళ్ళడం మానేసింది. ఒక పొద్దున ఆఫీసు ఆటో కోసం రోడ్డు పక్కన నిలబడి ఉండగా, 'నేనిక లేకపోయినా వీళ్ళకు తర్వాతెప్పుడో తెలుస్తుంది' అనిపించింది. ఆ ఆలోచన ఈగలా వచ్చి ఎగిరిపోలేదు. పక్కన వచ్చి నిలబడింది. దేవిశ్రీ దాన్ని చూసి భయపడింది. ఆ భయమే ఆమె చేత పని చేయించింది. ఎవరో ఒకరికి, లోపల ఏం జరుగుతోందో మొత్తం, తన చేతులతో తను చెప్పాలి. ఊహించుకునేవాళ్ళకు కాదు, చెప్పింది వినేవాళ్ళకు.

ఆఫీసులో దిగులుగా ఉన్నవాళ్ళ కోసం ఒక సాయం ఉందని లిఫ్టు పక్కన పోస్టర్ అంటించారు. నవ్వుతున్న అమ్మాయి బొమ్మ, కింద ఫోన్ నంబరు. నంబరు తప్ప ఇంకేమీ లేదు. దేవిశ్రీ హెచ్‌ఆర్ ఉదయ్ భాస్కర్‌కు మెసేజ్ పెట్టింది. ఆయన మంచివాడు. వెంటనే జవాబిచ్చాడు.

"మీ తరఫున ఇంట్లోవాళ్ళు ఎవరైనా ఫోన్ చేసి మాట్లాడొచ్చు కదండీ."

"నా బదులు ఏడవడానికి కూడా ఎవరినైనా పంపమంటారా సార్?" అని పంపింది దేవిశ్రీ.

ఉదయ్ భాస్కర్ టైప్ చేయడం, ఆపడం, మళ్ళీ టైప్ చేయడం తెర మీద చాలాసేపు కనబడింది. చివరికి ఒక దండం బొమ్మ వచ్చింది.

ఈలోగా గోంగూర పచ్చడి వేసిన అన్నం కూతురు కెలికి వదిలేయడం జయలక్ష్మి చూసింది. ఆ ఇంట్లో అది అత్యవసర పరిస్థితి. కూకట్‌పల్లిలోనే ఒక పెద్ద డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది.

"ఏంటమ్మా ఇబ్బంది?" అని ఆయన దేవిశ్రీని అడిగాడు. జవాబు జయలక్ష్మి చెప్పింది.

"ఏం లేదండీ. నిద్ర పట్టదు, ఊరికే చిరాకు. పలకరిస్తే చాలు, మొహం ఎలా పెడుతుందో మీరే చూడండి."

దేవిశ్రీ తల్లి పెదాలు చదివింది. 'నువ్వు కాదమ్మా, నన్ను చెప్పనీ' అని రెండు చేతులా చెప్పింది. సైగల భాషలో సగం చేతుల్లో ఉంటే సగం మొహంలో ఉంటుంది. కనుబొమలు లేవాలి, బుగ్గలు ఉబ్బాలి, భుజాలు కదలాలి. అవి లేకపోతే ఆ భాష గొణుగుతున్నట్టు ఉంటుంది. డాక్టర్ ఆ మొహం చూశాడు. "కోపం బాగా ఎక్కువగా ఉందే" అన్నాడు. కోపం తగ్గడానికి మాత్రలు రాసిచ్చాడు.

మాత్రలు వేసుకున్నాక దేవిశ్రీ చేతులు బరువెక్కాయి. వేళ్ళు ఒక సైగ నుంచి ఇంకో సైగకు సోమరిగా జారడం మొదలుపెట్టాయి. ఇంట్లో ఎవరూ గమనించలేదు. "పిల్ల నెమ్మదించింది" అని తల్లి సంతోషించింది కూడా.

గమనించింది శ్రావణి. హాస్టల్లో సబ్బుపెట్టెల వరస నాటి స్నేహితురాలు. బోరబండలో బట్టలు కుడుతుంది. చేతులకు కూడా యాస ఉంటుంది. శ్రావణివి అచ్చమైన బోరబండ చేతులు, మాటకు ముందే దెబ్బలాటకు వచ్చినట్టు ఉంటాయి. ఒక ఆదివారం ఇంటికొచ్చి, దేవిశ్రీని రెక్క పట్టి స్టేషన్‌కు లాక్కెళ్ళింది.

"నీ చేతులేంది గిట్లున్నయ్? కల్లు తాగినట్టు తూల్తున్నయ్."

"మాత్రలు."

"దేనికి?"

"కోపానికట."

"నీకేడిది కోపం? కోపం నాది. నీది ఏడుపు మొహం."

దేవిశ్రీకి నవ్వొచ్చి, అది సగంలోనే ఏడుపైపోయింది. ఆటో కోసం నిలబడ్డప్పుడు వచ్చిన ఆలోచన గురించి చెప్పింది. శ్రావణి చేతులు కాసేపు ఒళ్ళో పడిపోయాయి. ఆ చేతులు ఊరుకోవడం బోరబండ స్టేషన్ ఎప్పుడూ చూడలేదు.

"మాత్రలు పడేసేయ్" అంది చివరికి.

"పడేయను. ఉంచాలో ఆపాలో డాక్టరే చెప్పాలి. కానీ నా మాట విన్న డాక్టర్ చెప్పాలి."

"అయితే వినయ్‌ని తీస్కపో. గాడనే ఉన్నడు చూడు."

వినయ్‌కు చెవులు బాగా పనిచేస్తాయి, కానీ తల్లికీ తండ్రికీ వినపడదు. కాబట్టి నోటి మాట కంటే ముందు చేతుల మాట వచ్చింది. నగరానికి ఈ పక్కనంతా వినపడనివాళ్ళకు పోలీస్ స్టేషన్లో, రిజిస్టరు ఆఫీసులో, దవాఖానలో, పెళ్ళిచూపుల్లో అతనే దుబాసి. ఎవరి ఇంట్లో ఏం జరిగినా అది వినయ్ చేతుల మీదుగానే బయటి ప్రపంచానికి వెళ్ళాలి. దేవిశ్రీ భయం కూడా అదే. వినేవాళ్ళకు కోటి మంది ఉన్న ఊరు, వినపడనివాళ్ళకు ఒక చిన్న వాడ. అందరికీ అందరూ తెలుసు. ఇక్కడ కన్నీరు కారిస్తే లింగంపల్లిలో తడి తెలుస్తుంది.

ఆమె తటపటాయింపు వినయ్ దూరం నుంచే చూశాడు. చేతుల మాటను అల్లంత దూరం నుంచి కూడా చదవొచ్చు. ఈ భాషలో చెవిలో చెప్పుకునే రహస్యాలు ఉండవు. దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నేనొద్దక్కా" అన్నాడు తనే. "నేను ఎవ్వరికీ చెప్ప, అది నీకు తెల్సు. కానీ రేపు నీ పెళ్ళిచూపులకు గూడ నేనే వస్త. నన్ను చూసినప్పుడల్లా, వీనికి అన్నీ ఎరుకే అని నీకు యాదికొస్తది. మన ఊరు గానోళ్ళను పట్టుకుందాం."

"నీ గిరాకీ పోతది కదరా?" అంది శ్రావణి.

"పోనీ. జర నిద్రన్న పడ్తది. ఊరందరి ముచ్చట్లు నా కడుపులనే ఉన్నయక్కా. నాకూ ఒక డాక్టర్ కావాలె."

ఆ మాట అతను నవ్వుతూనే అన్నాడు. దేవిశ్రీ నవ్వలేదు. ఆ మాట గుర్తుపెట్టుకుంది.

విశాఖపట్నంలో ఉండే రసజ్ఞ అనే దుబాసిని వినయ్ వెతికిపెట్టాడు. వీడియోలో మాట్లాడుతుంది, ఇక్కడి వాళ్ళెవరూ తెలియదు. ఇక డాక్టర్ కావాలి. దేవిశ్రీ కొండాపూర్, గచ్చిబౌలి, మియాపూర్ క్లినిక్‌లన్నిటికీ మెయిల్ రాసింది. 'నాకు వినపడదు, ఫోన్ చేయలేను' అన్నది మొదటి వాక్యం. 'వివరాలకు మాకు ఫోన్ చేయండి' అన్నది చాలావాటి జవాబు. ఆమె తిరిగి రాసింది, వాళ్ళు తిరిగి నంబరిచ్చారు. కొన్నిచోట్ల తల్లిని వెంట తీసుకురమ్మన్నారు. అలసిపోయి పడుకున్న రోజులున్నాయి. లేచి మళ్ళీ ఇంకో క్లినిక్ పేరు వెతికింది. దుకాణం పేర్లు వెతకడం ఆమె పనే కదా. చివరికి గోపన్‌పల్లి నుంచి డాక్టర్ వాసంతి జవాబు వచ్చింది. 'నాకు మీ భాష రాదు. వినపడనివాళ్ళకు నేనెప్పుడూ వైద్యం చేయలేదు. ఎలా చేయాలో మీరు చెబితే నేర్చుకుంటాను.'

దేవిశ్రీ ఆ మెయిల్‌ను చాలాసార్లు చదువుకుంది. తననెవరైనా చెప్పమని అడగడం ఎప్పుడు జరిగిందో గుర్తు రాలేదు.

ఇక మిగిలింది జయలక్ష్మి.

"నేను లోపలికి రాకుండా ఎలాగే? నీ సంగతి నాకంటే ఎవరికి తెలుసు?"

"అమ్మా, నువ్వు రా. బయట కూర్చో."

"నేనేం పరాయిదాన్నా? ఏవండీ, చూశారా దీని మాటలు!"

వెంకటరామయ్య పేపరు ఇంకాస్త ఎత్తి పట్టుకున్నాడు. ఆ ఇంట్లో ఆనకట్టలు ఎప్పుడు మూయాలో ఆయనకు బాగా తెలుసు. దేవిశ్రీ చెప్పులు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడింది. తల్లి ఎంత మాట్లాడినా ఆమె పెదాల వైపు చూడలేదు. చూడకపోతే మాట లేనట్టే. ఆ ఆయుధాన్ని దేవిశ్రీ జీవితంలో చాలా అరుదుగా వాడింది. జయలక్ష్మి చివరికి హ్యాండ్‌బ్యాగు తీసుకుని గొణుక్కుంటూ వెంట నడిచింది.

ఇదిగో, ఇలా వచ్చింది ఆ కుర్చీ దాకా. డాక్టర్ వాసంతి కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. వెనక నుంచి వెలుతురు పడి మొహం నల్లటి పలకలా ఉంది. రసజ్ఞ వీడియోలో కనబడే కంప్యూటర్ తెరను ఏ మూలో గోడ వైపు పెట్టారు. అటు చూస్తే డాక్టర్ కనబడదు, ఇటు చూస్తే మాట కనబడదు. పూలకుండీ రసజ్ఞ చేతులకు సరిగ్గా అడ్డం. అందుకే దేవిశ్రీ అన్నీ జరిపింది. తెరను డాక్టర్ భుజం పక్కకు తెచ్చింది. అప్పుడు కూర్చుంది.

డాక్టర్ తెర వైపు తిరిగి, "ఆవిడకి ఇది ఎప్పుడు మొదలైందో అడగండి" అంది.

రసజ్ఞ ఆ మాటను అన్నది అన్నట్టుగా సైగ చేసింది. దేవిశ్రీ బల్ల మీద అరచేత్తో ఒకసారి తట్టింది. వినపడనివాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పద్ధతి అది. డాక్టర్ ఉలిక్కిపడి ఇటు చూసింది.

"ఆవిడ అంటే నేనేనండీ. ఇక్కడే ఉన్నాను. నన్నే అడగండి."

రసజ్ఞ గొంతులో ఆ మాటలు విని డాక్టర్ మొహం ఎర్రబడింది. "క్షమించండి. మీకు ఇది ఎప్పుడు మొదలైంది?"

దేవిశ్రీ మొదలుపెట్టింది. డాక్టర్ తల వంచి రాసుకుంటోంది. దేవిశ్రీ చేతులు ఆగాయి.

"చెప్పండి, వింటున్నాను" అంది డాక్టర్, తల ఎత్తకుండానే.

మళ్ళీ బల్ల మీద దెబ్బ. "మీ కళ్ళు కాగితం మీద ఉంటే నేను గోడతో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. నా ఆఫీసులో ఒకాయన ఉన్నాడు, అలాగే."

డాక్టర్ వాసంతి పెన్ను పక్కన పెట్టేసింది. ఆ తర్వాత దేవిశ్రీ ఆగలేదు. ఆఫీసు గురించి, మాత్రల గురించి, ఆటో కోసం నిలబడ్డ పొద్దున గురించి చెప్పింది. అది చెబుతున్నప్పుడు ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, దవడ బిగిసింది.

"ఇప్పుడు కోపం వస్తోందా?" అని అడిగింది డాక్టర్ జాగ్రత్తగా.

"కోపం కాదు. మీరు గొంతు పెంచుతారు, నేను కనుబొమలు పెంచుతాను. అంతే తేడా."

డాక్టర్ కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. తలుపులో అద్దం ముక్క ఉంది. ఆ అద్దానికి ముక్కు ఆనించి జయలక్ష్మి చూస్తోంది. కూతురు ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటే, అచ్చం తనలాగే మాట్లాడుతుంటే, నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఆ అద్దానికి అడ్డంగా గుడ్డ వేయించనా?" అని అడిగింది డాక్టర్.

"వద్దండీ" అంది దేవిశ్రీ. "ఆవిడకి అర్థం కాదు."

రసజ్ఞ ఆ మాటను గొంతులోకి తేవడానికి ఒక క్షణం పట్టింది.

అప్పుడు చెప్పింది అమ్మమ్మ సంగతి. చిన్నప్పుడు ఒకసారి తను హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. ఇంటినిండా జనం, అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. అమ్మమ్మ ఏదని అడిగితే తల్లి కొంగుతో మొహం తుడుచుకుని తర్వాత చెప్తానంది. అమ్మమ్మకు ఇష్టమని బడిలో చేసిన కాగితం పువ్వు పట్టుకుని దేవిశ్రీ గదులన్నీ తిరిగింది. మర్నాడు గోడ మీద ఫొటోకు దండ వేశారు. అలా తెలిసింది. అందరూ ఏడ్చేశారు అప్పటికి. తను ఒక్కతే మిగిలిపోయింది ఏడవడానికి, తోడెవరూ లేకుండా.

"నాకు నవ్వు ఆలస్యం, ఏడుపు ఆలస్యం. అన్నీ అయిపోయాక వస్తాను నేను. ఇంక అలా రాదలచుకోలేదు."

డాక్టర్ వాసంతి ఆమె కళ్ళలోకే చూస్తూ మాట్లాడింది. ఇది కోపం కాదని, కుంగుబాటు అని, నయమవుతుందని, కానీ కాలం పడుతుందని చెప్పింది. పాత మాత్రలు ఒక్కసారిగా మానకూడదని, ఎలా తగ్గించాలో తను చూస్తానని చెప్పింది. ఆటో కోసం నిలబడ్డప్పటి ఆలోచన మళ్ళీ వస్తే ఏ వేళలోనైనా తనకు మెసేజ్ పెట్టమని, శ్రావణికి కూడా వెంటనే చెప్పమని మాట తీసుకుంది. ఫోన్ చేయమని మాత్రం అనలేదు.

బయటికి రాగానే జయలక్ష్మి చెయ్యి పట్టుకుంది. "ఏం చెప్పావే అంతసేపు? నా గురించేనా? ఆవిడేమంది?"

దేవిశ్రీ తల్లి మొహంలోకి చూసింది. ప్రతి అక్షరమూ తల్లికి అర్థమయ్యేలా, నెమ్మదిగా, తన గొంతుతో అంది.

"ఏం లేదమ్మా. తర్వాత చెప్తాలే."

క్యాబ్ గచ్చిబౌలి దాటినా, కొత్తగూడ దాటినా, ప్రసార శాఖ నుంచి ఒక్క మాట రాలేదు. కూకట్‌పల్లి దగ్గర పడ్డాక జయలక్ష్మి కూతురి మోచెయ్యి తట్టింది.

"ఆ మాట నీకు చాలాసార్లు అన్నాను కదే?"

దేవిశ్రీ తల ఊపింది. సర్దిచెప్పలేదు. ఫరవాలేదులే అని కూడా అనలేదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వెంకటరామయ్య ఫోన్లో బావమరిదితో మాట్లాడుతూ ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. స్పీకర్లో విన్న జయలక్ష్మి కూడా నవ్వింది.

"ఏంటీ?" అంది దేవిశ్రీ.

జయలక్ష్మి పెదాలు అలవాటు కొద్దీ ఆ మాట కోసమే కదిలాయి. దేవిశ్రీ అప్పటికే ఎదురుగా ఉన్న కుర్చీని ట్యూబ్‌లైటు వైపు తిప్పి, దాని మీద చేత్తో తట్టింది. తల్లి గరిటె కింద పెట్టి, వచ్చి అందులో కూర్చుంది. వెలుతురు మొహం మీద పడింది.

"మీ మావయ్య లేడూ, గుళ్ళో ఆయన చెప్పులు పోయాయట. కోపమొచ్చి, పక్కనున్న ఎవరివో చెప్పులు తొడుక్కుని ఇంటికొచ్చేశాడట. ఇంటికొచ్చి చూసుకుంటే అవి మీ అత్తయ్యవట!"

ఇన్నేళ్ళూ తను పోగొట్టుకున్నది ఇలాంటివా? నిద్రలు చెడగొట్టుకున్నది మావయ్య చెప్పుల కోసమా? అయినా కథలో ఒక చోట చిరుగు ఉన్నట్టు దేవిశ్రీకి తోచింది. చిరుగును ఊహతో పూడ్చుకోదలచుకోలేదు. బల్ల మీద తట్టింది.

"మరి చెప్పుల్లేకుండా అత్తయ్య ఇంటికెలా వచ్చింది?"

జయలక్ష్మి మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, మా మరదలు ఎలా వచ్చిందో అడగండి." వెంకటరామయ్య ఫోన్లో అడిగాడు. విన్నాడు. ఫోన్ బల్ల మీద పడేసి, కళ్ళు తుడుచుకుంటూ, కూతురి వైపు తిరిగి, తనకు చేతనైనట్టు చేతులు జోడించి, చెప్పుల్లేని కాళ్ళు కాలుతున్నట్టు ఒంటికాలి మీద గెంతి చూపించాడు.

"ఇంకా గుళ్ళోనే ఉందట!"